ఎత్తిన పాదం, తిప్పిన ముఖం: రవివర్మ శకుంతల చిత్రంలో భావారోపణ – ఒక నైతిక విచారణ

రాజా రవివర్మ (1848–1906) గీసిన శకుంతల చిత్రాలలో ఒకటి తిరువనంతపురంలోని శ్రీచిత్రా ఆర్ట్ గ్యాలరీలో ఉంది. తపోవనపు దారిలో చెలికత్తెలతో కలిసి నడుస్తున్న శకుంతల ఒకచోట ఆగి, చెలి భుజాన్ని ఆసరా చేసుకొని, ఒక పాదాన్ని వెనక్కి ఎత్తి చేత్తో అందుకుంటూ, ముఖాన్ని మాత్రం వెనుకకు తిప్పి చూస్తూ ఉంటుంది. ఆ చూపు చిత్రంలో ఉన్న ఎవరి మీదా వాలదు. చట్రం దాటి బయటికి పోతుంది. ఈ చిత్రం ఏమిటని అడిగితే సాహిత్య పరిచయం ఉన్నవారు, లేనివారు కూడా దాదాపు ఒకే మాట చెబుతారు: కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టు నటిస్తూ శకుంతల దుష్యంతుణ్ణి చూస్తోంది.

ఈ చిన్న వాక్యంలో ఎన్ని ప్రతిపాదనలు ఉన్నాయో గమనించాలి. గుచ్చుకున్నది ముల్లు అన్నది ఒకటి. నిజానికి ఏదీ గుచ్చుకోలేదన్నది మరొకటి. గుచ్చుకున్నట్టు నటించడం ఆమె ఉద్దేశపూర్వకంగా చేస్తున్న పని అన్నది ఇంకొకటి. ఆ నటనకు కారణం ఒక పురుషుడి మీద కలిగిన అనురాగం అన్నది అన్నిటికంటె పెద్దది. చిత్రఫలకం మీద వీటిలో ఒక్కటి కూడా కనిపించదు. ముల్లు కనిపించదు, దుష్యంతుడు కనిపించడు. కనిపించేవి ఎత్తిన పాదం, తిప్పిన ముఖం. మిగిలినదంతా చూసేవారు ఇచ్చిన పూరణ.

చిత్రంలోని మనిషి మనసులో ఇది ఉందని చెప్పే అధికారం చూసేవారికి ఎక్కడి నుంచి వస్తుంది? సాధారణంగా ఈ ప్రశ్నను రసచర్చలో భాగంగా, కళాస్వాదనకు సంబంధించిన సమస్యగా మాత్రమే చూస్తారు. ఇందులో నైతికమైన సమస్య కూడా ఉంది. ఎత్తిన పాదంలో ఒక స్త్రీ హృదయాన్నంతా చదవగలిగిన రాజు, అదే స్త్రీ సభలో నిలబడి నోరు తెరిచి చెప్పిన మాటను నమ్మలేదు. అభిజ్ఞానశాకుంతలంలో రెండో అంకానికీ అయిదో అంకానికీ మధ్య ఉన్న దూరం అది. దుర్వాసుడి శాపం ఆ దూరానికి కథాపరమైన కారణం చూపిస్తుంది. అయితే శాపం లేని చోట కూడా మనుషులు సైగను నమ్మినంత సులువుగా మాటను నమ్మరు. అందుకే ఈ చిత్రాన్ని ఎలా చదువుతున్నామన్నది పట్టించుకోవలసిన విషయం.

మూలంలో ఉన్నదేమిటి

రవివర్మ చిత్రించిన ఘట్టానికి నాటకంలో రెండు ఆధారాలు ఉన్నాయి. మొదటి అంకం చివర ఏనుగు కలకలం విని అందరూ కదిలిపోయేటప్పుడు, శకుంతల రాజును చూస్తూ ఏదో ఒక నెపంతో ఆలస్యం చేసి చెలికత్తెలతో నిష్క్రమిస్తుందన్న రంగసూచన ఉంది. ‘సవ్యాజం’ అన్న ఒక్క మాటతో కవి ఆ ఆలస్యం నెపమేనని నటికి చెబుతున్నాడు. కొన్ని పాఠాలలో శకుంతల స్వయంగా అనసూయతో, దర్భమొలక కాలికి గుచ్చుకుందనీ, నారచీర కొమ్మకు తగులుకుందనీ చెప్పి ఆగమంటుంది. రెండో ఆధారం రెండో అంకంలో దుష్యంతుడు విదూషకుడితో చెప్పే మాట. నాలుగడుగులు వేసిందో లేదో, దర్భ గుచ్చుకుందంటూ నిష్కారణంగా నిలిచిపోయిందనీ, కొమ్మలకు తగులుకోని నారచీరను విడిపించుకుంటున్నట్టు ముఖం తిప్పి నిలిచిందనీ అతడు గుర్తు చేసుకుంటాడు. లోకంలో బాగా నిలిచినది, చిత్రకారుడి ఊహకు పట్టుబడినది ఈ రెండో రూపమే.

అంటే ఈ చిత్రం కథలోని ఒక సంఘటన నుంచి నేరుగా రాలేదు. ఆ సంఘటన గురించి ప్రేమలో పడిన ఒక పురుషుడు చెప్పుకున్న జ్ఞాపకం మీదుగా వచ్చింది. ఆ పురుషుడి మాటకు ఎంత ప్రామాణ్యం ఉందో కాళిదాసు ఆ అంకంలోనే రెండుసార్లు సూచించాడు. అంకం మొదట్లో దుష్యంతుడు తనలో తాను శకుంతల చూపులు, మందగమనం, చెలితో విసుగుగా అన్న మాట అన్నీ తననుద్దేశించినవేనని తలపోస్తాడు. ఆ వెంటనే, ప్రేమించినవాడు ప్రతిదానిలో తననే చూసుకుంటాడు కదా అని తన మీద తానే వ్యాఖ్యానించుకుంటాడు. అంకం చివర విదూషకుణ్ణి రాజధానికి పంపుతూ, ఆశ్రమకన్య గురించి తాను చెప్పినదంతా పరిహాసమనీ, నిజమని తీసుకోవద్దనీ అంటాడు. అంతఃపురంలో ఈ సంగతి తెలియకూడదన్న భయంతో ఆడిన అబద్ధం అది. ప్రేక్షకులకు అది అబద్ధమని తెలుసు. శకుంతల నెపం పెట్టిందని చెప్పిన మనిషే అంకం ముగిసేలోగా తానూ ఒక నెపం పెట్టాడు. ఈ రెండు నెపాలలో ఒకటి చిత్రమై గోడలకెక్కింది. రెండోది పండితులకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఈ రెండు సందేహాల మధ్య ఆ జ్ఞాపకం ఉందన్న సంగతి చిత్రంలోకి రాలేదు. రావడం సాధ్యం కూడా కాదు. మాటకు ‘అట’ అన్న ప్రత్యయం ఉంది, ‘కాబోలు’ అన్న అవ్యయం ఉంది, చెప్పినదాన్ని వెనక్కి తీసుకునే వెసులుబాటు ఉంది. తైలవర్ణంలో ‘కాబోలు’ అన్నది లేదు. నాటకంలో ఒకరి ఊహగా ఉన్నది చిత్రంలో జరిగినదిగా మారుతుంది. చిత్రకారుడి లోపంగా కాక, మాధ్యమం మారినప్పుడు తప్పని పరిణామంగానే దీన్ని చూడాలి. ఆ పరిణామాన్ని గుర్తుంచుకోవలసిన బాధ్యత మాత్రం వ్యాఖ్యాతదే.

దర్భ, నారచీర, ముల్లు

ప్రతీకల విషయంలో కూడా మాధ్యమం మారడం వల్ల వచ్చిన మార్పు చిన్నది కాదు. నాటకంలో శకుంతలను ఆపినవిగా చెప్పిన రెండు వస్తువులూ ఆశ్రమానివే. దర్భ యజ్ఞకర్మలకు కావలసినది. నారచీర తాపసవేషం. ఆశ్రమం నుంచి తనను బయటికి తీసుకుపోయే కోరిక కోసం ఆమె ఆశ్రమపు వస్తువులనే సాకుగా వాడుకుంటోంది. ఆ రెండూ తనను పట్టి ఆపుతున్నాయని ఆమె అంటోంది. నిజానికి ఏవీ ఆపడం లేదు. కొద్దికాలంలోనే అవి నిజంగా ఆపలేకపోతాయి కూడా. ఇంత అర్థం ఉన్నందువల్లనే ఆ నెపం కావ్యవస్తువయింది.

రవివర్మ శకుంతల నారచీరలో లేదు. చీర కట్టుకొని ఉంది. పాదంలో గుచ్చుకున్నది దర్భ అని చెప్పే ఆధారం చిత్రంలో లేదు కనుక, లోకం దానికి తనకు తెలిసిన పేరు పెట్టుకుంది: ముల్లు. దర్భకు ఆశ్రమంతో సంబంధం ఉంది. ముల్లుకు ఏ దారితోనైనా సంబంధం ఉంటుంది. ఆ మార్పుతో శకుంతల మునికన్య అన్న స్పృహ సన్నగిల్లి, దారిలో నడిచే ఏ యువతి అయినా కాగల రూపం వచ్చింది. నష్టమేనా అంటే పూర్తిగా కాదు. ఈ చిత్రం అంతగా జనంలోకి పోవడానికి ఆ సామాన్యత కూడా ఒక కారణం కావచ్చు. 1894లో బొంబాయిలో రవివర్మ నెలకొల్పిన ముద్రణాలయం నుంచి వెలువడిన ఓలియోగ్రాఫులు, తరువాత వాటి అనుకరణలుగా వచ్చిన క్యాలెండరు బొమ్మలు ఆయన నాయికలను దేశమంతటా ఇళ్లలోకి చేర్చాయి. ఆ ముద్రణాలయంలో మొదట అచ్చయినది శకుంతల జననఘట్టమేనని చెబుతారు. కాళిదాసు శకుంతలను చదివినవారి కంటె రవివర్మ శకుంతలను చూసినవారే ఎక్కువ. ఆ చూసినవారికి ప్రతీక దర్భ కాదు, ముల్లే. ప్రతీకకు మూలగ్రంథంలోని అర్థమే సరైన అర్థమని పట్టుబట్టడం వల్ల పాండిత్యం తృప్తిపడవచ్చు గాని, చిత్రం లోకంలో చేసిన పని అర్థం కాదు.

అవహిత్థను చిత్రించవచ్చునా

భరతుడు చెప్పిన ముప్పై మూడు వ్యభిచారిభావాలలో అవహిత్థ ఒకటి. సిగ్గు వల్లనో, భయం వల్లనో, గౌరవం వల్లనో మనసులోని భావం పైకి కనబడకుండా దాచుకోవడం అవహిత్థ. శకుంతల చేస్తున్నది శాస్త్రపరిభాషలో ఇదే. తక్కిన భావాలకూ దీనికీ ఒక తేడా ఉంది. శోకానికి కన్నీరు, భయానికి వణుకు అనుభావాలైనట్టు అవహిత్థకు సూటి అయిన అనుభావం ఉండదు. ఉన్నదాన్ని కనబడకుండా చేయడమే దాని స్వభావం. బాగా దాచుకున్న భావం ఎవరికీ తెలియదు. తెలిసిందంటే సరిగా దాచుకోలేదన్నమాట. నాటకంలో ముందూ వెనుకా ఉన్న సంభాషణల వల్ల ఈ చిక్కు తీరుతుంది. ఒకే క్షణాన్ని పట్టుకునే చిత్రంలో అది ఎలా తీరుతుంది?

రవివర్మ పరిష్కారం ఆ చిత్రం మొత్తంలో అతి బలమైన అంశం. ఒకే దేహంలో ఒకదానితో ఒకటి పొసగని రెండు సంకేతాలను ఆయన పక్కపక్కన పెట్టాడు. కాలిలో ఏదైనా గుచ్చుకున్నవారు కాలి వైపు చూస్తారు. ఈమె చేయి పాదం దగ్గర ఉంది, చూపు అక్కడ లేదు. చేయి ఒక మాట చెబుతోంది, కన్ను ఇంకొకటి చెబుతోంది. భావం ఆ రెంటిలో ఏ ఒక్కదానిలోనూ కాక, రెండిటికీ పొత్తు కుదరకపోవడంలో ఉంది. మెడ మలుపు, ఒంటికాలి మీద నిలిచిన దేహపు అస్థిరత, చెలి భుజం మీద పడిన బరువు ఇవన్నీ ఆ పొసగనితనాన్ని శరీరమంతటా విస్తరింపజేస్తాయి. విష్ణుధర్మోత్తరపురాణం మూడో ఖండంలో మార్కండేయుడు వజ్రుడితో, నృత్యశాస్త్రం తెలియనిదే చిత్రసూత్రం అర్థం కాదని అంటాడు. పాశ్చాత్య తైలవర్ణ పద్ధతిలో గీసిన ఈ చిత్రానికి కూడా ఆ మాట వర్తిస్తుంది. ఇక్కడ భావాన్ని మోస్తున్నది ముఖకవళిక కంటె ఎక్కువగా అంగవిన్యాసమే.

అయితే ఈ పరిష్కారానికి ఒక మూల్యం ఉంది. చేతికీ చూపుకూ పొత్తు కుదరడం లేదంటే నటన జరుగుతోందనే అర్థమా? కాలిలో నిజంగానే ఏదో గుచ్చుకొని, అదే సమయంలో వెనుక ఏదో చప్పుడై తిరిగి చూస్తున్న ఆడపిల్ల కూడా ఇలాగే కనబడుతుంది. వెనుక వస్తున్న మరో చెలిని పిలుస్తున్నా ఇలాగే కనబడుతుంది. కథ తెలియని పరదేశి ఎవరైనా ఈ చిత్రాన్ని శీర్షిక లేకుండా చూస్తే శృంగారమనే మాట ఎత్తకపోవచ్చు. అడవిదారిలో నడకకు కలిగిన చిన్న అంతరాయం, యువతుల స్నేహం, పచ్చని చెట్ల నడుమ ఒక తీరిక క్షణం అతనికి కనిపించవచ్చు. శీర్షిక తెలిసినవారికి పూర్వరాగం కనిపిస్తుంది. అయిదో అంకం గుర్తున్నవారికి అదే పచ్చదనం మీద కరుణచ్ఛాయ పడుతుంది. ఈమె వెనక్కి తిరిగి చూస్తున్న మనిషి రేపు ఈమెను ఎరగనంటాడు. రంగులు మారలేదు, గీత మారలేదు. పాఠకుడు కథలోని ఏ పుట దగ్గర ఆగాడన్నదాన్ని బట్టి చిత్రపు వాతావరణమే మారిపోయింది. చిత్రానికి ఒక స్థిరమైన భావస్థితి ఉందనీ, దాన్ని కనిపెట్టడమే వ్యాఖ్యానమనీ భావించేవారు ఈ మార్పును వివరించలేరు.

శంకుకుడి గుర్రం

రసనిష్పత్తి చర్చలో శ్రీశంకుకుడు చెప్పిన చిత్రతురగన్యాయం సాహిత్య విద్యార్థులందరికీ తెలిసినదే. బొమ్మలోని గుర్రాన్ని చూసి ఇది గుర్రం అంటాము. అది నిజజ్ఞానం కాదు, భ్రాంతి కాదు, సందేహం కాదు, గుర్రంవంటిది అన్న సాదృశ్యబుద్ధి కూడా కాదు. నటుడిలో రాముణ్ణి చూడడం అటువంటిదేనని, నటుడి కృత్రిమమైన అనుభావాల నుంచి స్థాయిని ప్రేక్షకుడు అనుమితి ద్వారా గ్రహిస్తాడని ఆయన వాదం. అభినవగుప్తుడు తన గురువైన భట్టతౌతుడి విమర్శను అనుసరించి దీన్ని ఖండించాడు. రససిద్ధాంత చరిత్రలో శంకుకుడు ఓడిపోయిన పక్షమే.

కాని శకుంతల చిత్రం ముందు నిలబడినప్పుడు శంకుకుడి ఉపమానానికి మళ్లీ ప్రాణం వస్తుంది. నాట్యానికి ఉపమానంగా తెచ్చిన చిత్రం ఇక్కడ ఉపమేయమే అయింది. పైగా ఈ చిత్రంలో ఉన్నది బాధ కాదు, బాధ యొక్క అభినయం. బొమ్మలోని గుర్రం గుర్రాన్ని చూపిస్తుంది. ఈ బొమ్మ మరొక బొమ్మను చూపిస్తుంది. శకుంతల తానే ఒక నటి, ఆమె ప్రేక్షకుడు చట్రానికి బయట ఉన్నాడు, చిత్రాన్ని చూసేవారు సరిగ్గా ఆ ప్రేక్షకుడు నిలిచిన దిక్కుకు దగ్గరగా నిలబడి ఉన్నారు. అనుమితి అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. పొగను చూసి నిప్పును ఊహించేవాడికి నిప్పు ఉండాలన్న కోరిక ఉండనక్కరలేదు. ఎత్తిన పాదాన్ని చూసి అనురాగాన్ని ఊహించేవాడికి ఆ కోరిక ఉంటుంది. దుష్యంతుడు తనను తాను హెచ్చరించుకున్నది దీని గురించే. కోరిక కలిసిన అనుమితికి వ్యాప్తి బలం ఉండదు.

సాధారణీకరణను నమ్మేవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు. భట్టనాయకుడి నుంచి అభినవగుప్తుడి దాకా వచ్చిన మార్గంలో రసస్థితిలోని భావం పాత్రది కాదు, నటుడిది కాదు, ప్రేక్షకుడి వ్యక్తిగతమూ కాదు. ఎవరిదీ కాని భావాన్ని ఎవరిదని అడగడమే పొరపాటు అంటారు. బలమైన అభ్యంతరమే. కాని అభినవగుప్తుడే రసప్రతీతికి ఏడు విఘ్నాలను చెప్పి, చూసేవాడు తన సుఖదుఃఖాలలో తాను మునిగి ఉండడాన్ని వాటిలో ఒకటిగా లెక్కించాడు. సాధారణీకరణ తనంత తాను జరిగిపోయేది కాదు, ఆ విఘ్నాలు తొలగినప్పుడు మాత్రమే జరిగేది. ఈ చిత్రం చూసేవారిని కోరుకునేవాడి స్థానానికి చేరువగా నిలబెట్టి, శకుంతల చూపును వారి వైపు మళ్లించి, ఆ విఘ్నాన్ని తొలగించడానికి బదులు కొంతవరకు పెంచుతుంది. చూసేవారు దుష్యంతుడయిపోవడం సాధారణీకరణ కాదు, తాదాత్మ్యం. రెండూ ఒకటేనన్న పొరపాటు మన కావ్యవిమర్శలో తరచు కనబడుతూనే ఉంది.

చెక్కిలి మీది కన్నీరు

చిత్రాన్ని చూడడంలోని ఈ ప్రమాదం కాళిదాసుకు తెలియనిది కాదు. ఆరో అంకంలో ఉంగరం దొరికాక పశ్చాత్తాపంతో ఉన్న రాజు, చెలికత్తెలతో ఉన్న శకుంతలను తానే చిత్రించి విదూషకుడికి చూపిస్తాడు. ముగ్గురిలో శకుంతల ఎవరో విదూషకుడు అలసిన చేతులు, జారిన సిగ, చెమట చుక్కలు చూసి పోల్చుకుంటాడు. ఎవరో తెలియడానికి కూడా అనుమితే ఆధారం. రాజు తన భావానికి సంబంధించిన గుర్తు కూడా ఆ చిత్రంలో ఉందని చెబుతాడు. చెమటపట్టిన తన వేళ్లు తాకి రేఖల అంచులు మాసిపోయాయి. ఆమె చెక్కిలి మీద తన కన్నీరు పడి అక్కడ రంగు ఉబ్బింది.

చిత్రంలోని భావం ఎవరిది అన్న ప్రశ్నకు సంస్కృతసాహిత్యం ఇచ్చిన అతి సూక్ష్మమైన దృష్టాంతాలలో ఇది ఒకటి. ఆ ఫలకాన్ని కొత్తవారెవరైనా చూస్తే శకుంతల చెక్కిలి మీద తడి మరక చూసి ఆమె ఏడుస్తోందనుకుంటారు. ఆ దుఃఖం ఆమెది కాదు. ఆమెను నిరాకరించి, ఇప్పుడు ఆమె బొమ్మ గీసుకుంటున్నవాడిది. అతడి దుఃఖం నిజమైనదే, అందులో కపటం లేదు. అయినా అది ఆమె ముఖం మీద ఆమె దుఃఖంగా కనబడుతుంది. వ్యాఖ్యానంలో జరిగే పొరపాటు చాలాసార్లు ఇటువంటిదే. చూసేవారి జాలి, కోరిక, పశ్చాత్తాపం చిత్రంలోని మనిషి ముఖం మీద పడి, ఎండి, ఆమె స్వభావంగా కనబడడం మొదలుపెడతాయి.

రాజు అంతటితో ఆగడు. చిత్రం ఇంకా పూర్తి కాలేదంటాడు. ఇసుకతిన్నెల మీద హంసల జంటలున్న మాలినీనది, హిమాలయపు దిగువ కొండలు, కొమ్మలకు నారచీరలు వేలాడే చెట్టు, దాని కింద మగజింక కొమ్ముకు ఎడమకన్ను రాసుకుంటున్న ఆడుజింక గీయాలంటాడు. ప్రతీకల పట్టిక మొత్తం ఇక్కడ ఉంది. కొమ్ము మొనకు కన్ను అప్పగించిన జింక కంటె నమ్మకానికి మంచి ప్రతీకను ఊహించడం కష్టం. ఆ నమ్మకాన్ని ద్రోహం చేసినవాడే దాన్ని చిత్రించాలనుకోవడం కాళిదాసు వదిలిపెట్టిన పదునైన వ్యంగ్యం. విదూషకుడు మాత్రం, ఈయన వదిలితే ఫలకమంతా పొడుగు గడ్డాల మునులతో నింపేస్తాడని తనలో గొణుక్కుంటాడు. ప్రతీకల మోజు మీద ఇంతకంటె చక్కని విమర్శ అలంకారశాస్త్రంలో దొరకదు. కొద్దిసేపటికి రాజు చిత్రంలోని తుమ్మెదను బెదిరించడం మొదలుపెడతాడు. ఇది చిత్రమని విదూషకుడు గుర్తు చేస్తే, ఎదురుగా ఉన్న ప్రియురాలిని మళ్లీ బొమ్మగా మార్చావని బాధపడతాడు. చాటున ఉండి చూస్తున్న సానుమతి, తనకు కూడా ఇప్పుడే అది చిత్రమని తట్టిందని ఒప్పుకుంటుంది. శకుంతల మేలు కోరి వచ్చిన అప్సరస కూడా ఆ వలలో పడింది. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన చూపు నిర్దుష్టం కాదు.

మాట్లాడిన శకుంతల

ఇంతకూ శకుంతల కల్పితపాత్ర. ఆమెకు లేని భావాన్ని అంటగడితే ఎవరికి అన్యాయం జరుగుతుంది? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేము. పాత్రకు అన్యాయం జరగదు. కాని చిత్రాలు చూడడం ఒక అభ్యాసం, ఆ అభ్యాసం చిత్రాల దగ్గర ఆగిపోదు. ఒక స్త్రీ మౌనాన్నీ, ఆగిన అడుగునూ, తిరిగిన తలనూ అంగీకారంగా చదవడం నేర్పే బొమ్మలు తరతరాలుగా గోడల మీద ఉన్నప్పుడు, వాటిని వ్యాఖ్యానించే పద్ధతి సమాజం చూపును కూడా కొంత దిద్దుతుంది, లేదా చెడగొడుతుంది.

తెలుగు సాహిత్యానికి ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన స్థానం ఉంది. ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలో నన్నయ చెప్పిన శకుంతలోపాఖ్యానంలో, వ్యాసభారతంలో వలెనే, దుర్వాసుడి శాపం లేదు, ఉంగరం లేదు, ఎత్తిన పాదం లేదు. అక్కడి శకుంతల కొడుకును వెంటబెట్టుకొని సభకు వచ్చి సత్యం గురించి, పుత్రుడి గురించి, భార్య గురించి వాదిస్తుంది. అక్కడి దుష్యంతుడు మరచిపోలేదు, తెలిసే కాదన్నాడు. చివరికి ఆకాశవాణి సాక్ష్యం కావలసి వచ్చినా, ఆమె తరఫున ముందుగా నిలిచినది ఆమె వాక్కే. కాళిదాసు శకుంతల కూడా అయిదో అంకంలో మూగబోదు, రాజును అనార్యుడని నిలదీస్తుంది. పదిహేనో శతాబ్దంలో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగారశాకుంతలంలో ఈ రెండు కథల ధారలనూ కలిపాడు. కందుకూరి వీరేశలింగం అనువాదంతో కాళిదాసు నాటకం తెలుగు పాఠకులకు మరింత చేరువయింది. శకుంతల కథ భారతం నుంచి ఆధునికకాలం దాకా ఎలా మారుతూ వచ్చిందో రొమిలా థాపర్ 1999లో వెలువడిన తమ గ్రంథంలో వివరించారు. ఆ మార్పులలో తెలుగు పాఠాలకు దక్కవలసిన చోటు గురించి విడిగా రాయవలసి ఉంది.

ఇక్కడ ప్రస్తుతమైన విషయం ఒక్కటే. వాదించే శకుంతలను తరగతి గదుల్లో చదివిన తెలుగువారికి కూడా శకుంతల అనగానే మనసులో మెదిలేది కాలు ఎత్తి నిలిచిన శకుంతలే. మాట చిత్రానికి లొంగదన్నది ఒక కారణం. తెరిచిన నోటిని చిత్రించవచ్చు గాని అందులోంచి వచ్చే తర్కాన్ని చిత్రించలేము. ఇళ్లలో శృంగార హాస్య శాంత రసాల చిత్రాలే ఉండాలని, తక్కినవి దేవాలయాలకు, రాజసభలకు తగినవని చిత్రసూత్రం చేసిన విభజన వెనుక ఉన్న అభిరుచి మరో కారణం కావచ్చు. నిందిస్తున్న భార్య బొమ్మను నడవలో తగిలించుకొనే గృహస్థు అరుదు.

దీనివల్ల రవివర్మ చిత్రాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. దాన్ని చూడడానికి దుష్యంతుడి చోటు ఒక్కటే కాదు, ఇంకొక చోటు కూడా చిత్రంలోనే ఉంది. శకుంతల చేయి ఆనిన భుజం ఒకటి ఉంది. చెలికత్తెలకు ఆమె నెపం తెలుసునో తెలియదో చిత్రం చెప్పదు. తెలిసినా వారు దానిని బయటపెట్టరు, తమ కోసం వాడుకోరు. ఆమె ఆగితే ఆగుతారు, కదిలితే కదులుతారు. ఆమె మనసులో ఏముందో తేల్చడానికి తొందరపడకుండా, బరువు ఆనడానికి భుజం ఇచ్చి నిలబడిన ఆ చూపు వ్యాఖ్యాతకు కూడా అసాధ్యం కాదు. చేతికీ చూపుకూ మధ్య ఉన్న పొసగనితనాన్ని గుర్తించి, దానికి సాధ్యమైన కారణాలను చెప్పి, కథ ఏ కారణాన్ని ఎవరి నోట పలికించిందో చూపించి అక్కడ ఆగడం అటువంటి పఠనం. అందులో నిశ్చయం తగ్గుతుంది గాని చిత్రం తగ్గదు. ముల్లు ఉందో లేదో తెలియని శకుంతల, ముల్లు లేదని తేల్చేసిన శకుంతల కంటె ఎక్కువసేపు చూడదగినది.

ఏడో అంకంలో మారీచాశ్రమంలో దుష్యంతుడు ఆమెను కలుసుకున్నప్పుడు, వెనుక తాను ఉపేక్షించిన కన్నీటి బొట్టును ఇప్పుడు ఆమె రెప్పల మీది నుంచి తుడుస్తాడు. ఆ తుడవడంలో శకుంతలకు అతడి వేలి ఉంగరం కనబడుతుంది. నాటకానికి పేరు తెచ్చిన గుర్తు అదే. కావలసిన రోజున దొరక్క ఆమె మాటను అబద్ధం చేసినదీ అదే. రాజు దాన్ని మళ్లీ ఆమె వేలికి తొడగబోతే, తనకు దాని మీద నమ్మకం లేదని, ఆయననే ధరించమని అంటుంది.